ఎదురుగాలి రోజు లెక్క

సైకిల్ తొక్కడం ఆపి అలా వదిలేసినప్పుడు వెనక చక్రంలోంచి టికటికమని ఒక చప్పుడు వస్తుంది. కోలారు పక్కన తమక అనే ఊళ్లో, మా వీధి మలుపు దగ్గర ఆ చప్పుడు వినబడితే మా మనవరాలు కాలేజీ నుంచి వచ్చేసినట్టు. అది వినబడేదాకా నేను ఒకచోట కూర్చోలేను. గేటు దాకా వెళ్తాను, వంటింట్లోకి వస్తాను, పొయ్యి మీద పెట్టని పాలు పొంగాయేమోనని చూస్తాను. మొన్న ఆ పిల్ల వస్తూనే ఫోను నా ముఖం ముందు పెట్టింది. "చూడవ్వా, నా యావరేజి పద్దెనిమిది! కోలారు నుంచి పదిహేను నిమిషాలే." నాలుగున్నర కిలోమీటర్లకు లెక్క సరిగ్గానే ఉంది. "మరి నువ్వు బయలుదేరతా ఉండానని చెప్పి ఇరవై ఆరు నిమిషాలాయె గదే?" అన్నాను. "సిగ్నల్ దగ్గర ఆగినా, టమాటా లారీల దగ్గర ఆగినా. ఆగినప్పుడు ఇది లెక్కపెట్టదవ్వా." "అది పెట్టదు. నేను పెడతా ఉండానే!" అనేశాను. అన్న తర్వాత ఆ కోపం నాదే కానీ ఆ మాట మాత్రం సరోజమ్మ మేడందని గుర్తొచ్చింది.

సరోజమ్మ మేడం కేజీఎఫ్‌లో నేను మొదట పనిచేసిన బడికి హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ భర్త గనిలో, భూమి లోపల పనిచేసే మేస్త్రీ. మేడం యాభై దాటిన మనిషి, కొంగు నడుముకు దోపుకుని లేడీస్ సైకిల్ మీద బడికి వచ్చేవారు. చాలా మెల్లగా వచ్చేవారు. అయినా ప్రార్థన గంట ఎన్నడూ ఆవిడ కోసం ఆగలేదు.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. కొత్త పెళ్లి, కొత్త ఉద్యోగం, అదీ తాత్కాలికం. మా అత్తగారి ఊరు బంగారుపేట వైపు, బడికి పన్నెండు కిలోమీటర్లు. సాయంత్రం బస్సుకు నమ్మకం లేదు. మా అత్తగారికి కీళ్లనొప్పులు, వేళ్లు ముడుచుకోవు. మా ఆయన పట్టుగూళ్ల మార్కెట్ నుంచి చీకటి పడ్డాక గానీ రారు. ఇంట్లో రెండు ఆవులు. ఊరి డైరీలో ఆరింటికి పాలు కొలవడం ఆపేస్తారు. ఆ తర్వాత తెచ్చినవాళ్లు పాలు మళ్లీ ఇంటికి మోసుకుపోవలసిందే. కాబట్టి మా ఇంట్లో ఒప్పందం ఒక్కటే. నేను వేళకు వచ్చి పాలు పితికితే ఉద్యోగం ఉంటుంది, లేకపోతే లేదు.

లెక్కల టీచరును, లెక్క వేయకుండా మాట ఇవ్వలేదు. ఒక ఆదివారం పొద్దున మా ఆయన గడియారం కట్టుకుని ఇంటి నుంచి బడి దాకా తొక్కి చూశాను. నలభై అయిదు నిమిషాలు పట్టింది. అంటే గంటకు పదహారు కిలోమీటర్లు. నాలుగున్నరకు బయలుదేరితే అయిదుంబావుకు ఇల్లు. అదే మా అత్తగారికి చెప్పాను. ఆదివారం గనికి సెలవని నాకు తట్టలేదు. ఆ పొద్దున గాలి నా వీపు మీద ఉందనీ తట్టలేదు.

పని రోజు సాయంత్రం సైరన్ కూసిందంటే వర్క్‌షాపుల గేట్లు తెరుచుకునేవి. రోడ్డంతా సైకిళ్లే, దిగి నడిపించుకుపోవలసిందే. అది దాటితే సైనైడ్ దిబ్బలు, బంగారం తీసేసిన మట్టి గుట్టలు. ఆషాఢం గాలికి వాటి మీది దుమ్ము ఎగిరొచ్చి కళ్లలో పడేది. పడమటి గాలి ఎదురుగా తోస్తూ ఉంటే పెడల్ మీద నిలబడి తొక్కినా బండి కదిలేది కాదు. మూడో వారానికి రెండుసార్లు పాలు తిరిగొచ్చాయి. "నీ అయిదుంబావు ఏ ఊరిదమ్మా? ఈ ఊర్లో అయితే ఆరవతా ఉండాది," అన్నారు మా అత్తగారు. "ఇంగొక్కసారి పాలు వాపసు వచ్చినాయంటే బడి మానుకో."

మర్నాడు మేడం దగ్గర కళ్లనీళ్లు పెట్టుకున్నాను. "ఇంకా గట్టిగా తొక్కుతాను మేడం," అన్నాను. "యాడికి తొక్కుతావు గట్టిగా, మనుషుల మీదికా? సాయంత్రం నేనూ వస్తా, పా," అన్నారు.

ఆ సాయంత్రం ఆవిడ వెనకాల తొక్కడం నాకు శిక్ష అయింది. గుంపులో చిక్కుకుని నేను ఆపకుండా బెల్లు కొడుతుంటే ముందున్న కార్మికుడు తిరిగి చూసి, "ఏం టీచరమ్మా, బెల్లు కొడితే ఎగిరిపోయేదానికి మేమేమన్నా కాకులా?" అన్నాడు. చుట్టూ నవ్వారు. మేడం కూడా నవ్వారు. దిబ్బలు దాటాక ఒక కల్వర్టు దగ్గర సైకిల్ ఆపి తీరిగ్గా సీసాలో నీళ్లు తాగుతున్నారు. "మేడం, టైం!" అన్నాను. "నీళ్లు తాగేది కూడా దావలోదే. అది నీ లెక్కలో ఉండాదా?" అని నన్ను కూర్చోబెట్టారు.

"పెండ్లయిన కొత్తల్లో మా ఆయన్ని అడిగినా, సైరన్ అయినాక ఎంతసేపటికి వస్తావని. ఇరవై నిమిషాలన్నాడు. బాగా తొక్కేవాడులే. ఒక దినం ఇరవై అయింది, నలభై అయింది, మనిషి లేడు. లోపల బండ పగిలిందేమో అనుకుంటి. చెప్పులు కూడా లేకుండా గని దగ్గరికి పరిగెత్తినా. చూస్తే దావలో టీ అంగడి ముందర పంచర్ ఏయించుకుంటా కూర్చోనుండాడు. నన్ను చూసి నవ్వినాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటా? ఆ ఇరవై నిమిషాలూ నేను మొగుడు లేనిదాన్ని. ఆయప్పకి అది తెలీదు. ఆ పొద్దే చెప్పినా, బాగా తొక్కే దినం లెక్క నాకొద్దు, పంచరయ్యే దినం లెక్క చెప్పు అని." సీసాకు మూత బిగించి లేచారు. "తొక్కే వేగం నీదమ్మా. కాచుకోనుండేవాళ్లకి చేరే వేగమే లెక్క."

ఇల్లు చేరేసరికి ఆరుకు పది నిమిషాలు తక్కువ. ఎనభై నిమిషాలు, అంటే గంటకు తొమ్మిది కిలోమీటర్లు. మా అత్తగారు చెంబు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నారు. నేను నోరు తెరిచేలోపే మేడం చెప్పేశారు. "అమ్మా, నీ కోడలు అయిదుంబావుకి రాదు. ఈ గాలి తగ్గేదాకా ఆరు దగ్గర పెట్టుకో. నేనే తొక్కి చూసినా." నా ఉద్యోగం అక్కడితో అయిపోయిందనుకున్నాను. మా అత్తగారు చెంబు కింద పెట్టారు. ఆ తర్వాత నా మీద విరుచుకుపడ్డారు. "ఆరని ముందే చెప్పుంటే ఎదురింటి నాగమ్మని పెట్టుకుంటా ఉంటి గదా! ఆ పిల్ల దినామూ వచ్చి పితకనా అంటాది. మా కోడలు వచ్చేస్తాదిలే అని నేనే పంపిస్తా ఉండా!"

అప్పటికప్పుడు నాగమ్మను కేకేశారు. చెరొక ఆవు దగ్గర కూర్చున్నాం. డైరీ అతను కొలత పాత్ర కడగబోతుంటే పాలు చేరాయి. మేడం ఒక లోటా మజ్జిగ తాగి సైకిల్ ఎక్కారు. ఇప్పుడు గాలి వీపునే కదా, గంటలో చేరిపోతారు అన్నాను. "అందుకే మా ఆయనకి ఎనిమిది అని చెప్పొచ్చినా," అంటూ వెళ్లిపోయారు.

ఆ ఉద్యోగం నిలిచింది, తర్వాత పర్మనెంటు అయింది. ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాను. ఇప్పుడు గనీ లేదు, సైరనూ లేదు, మేడమూ లేరు. వేగంగా తొక్కిన రోజు లెక్కతో నేను మళ్లీ ఎవరికీ మాట ఇవ్వలేదు. పదిహేను పట్టే పనికి ముప్పై అంటాను, ఇంట్లోవాళ్లు నవ్వుతారు. కానీ ఆవిడ నాకు నేర్పింది మాట ఇవ్వడం వరకే. కాచుకోవడం నేను ఈ నాటికీ నేర్చుకోలేదు.

మొన్న మనవరాలికి ఇదంతా చెప్పాను. ఆ పిల్ల విని, ఫోను జేబులో పెట్టుకుంది. ఈ రోజు కాలేజీ నుంచి ఫోన్ చేసి, "బయలుదేరతా ఉండా. నలభై నిమిషాలవ్వా," అంది.

ఇరవై ఆరు దాటింది. మలుపు దగ్గర చప్పుడు లేదు. గేటు గొళ్లెం మీద చెయ్యి వేశాను. నలభైలో ఇంకా పద్నాలుగు మిగిలి ఉన్నాయి. చెయ్యి తీసేసి, లోపలికి వచ్చి కూర్చున్నాను.