ఊగకూడని స్వరం

మేముండే మార్కమ్‌లో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో నేను గయాగుమ్ నేర్చుకుంటున్నాను. అది కొరియా వాళ్ళ వాద్యం. పొడవాటి చెక్క మీద పన్నెండు పట్టు తీగలు, ఒక్కో తీగ కింద అటూ ఇటూ జరిపే చిన్న చెక్క ఆసరా. నేల మీద కూర్చుని, ఒక చివర కుడి మోకాలి మీద ఆనించి, కుడిచేత్తో మీటాలి. ఆసరాకు అవతల ఎడమచేత్తో తీగను నొక్కితే స్వరం ఊగుతుంది.

టీచర్ అరవై దాటిన కొరియన్ ఆవిడ. గోరు తగలకుండా, వేలి కండతోనే మీటుతుంది. ఆ వేళ్ళు చూడటానికే నేను క్లాసుకి ముందుగా వెళ్ళి గోడవారన కూర్చుంటాను. ఆవిడ మీటిన తీగ పూర్తిగా ఆగేదాకా మాలో ఎవరమూ కాగితం కూడా తిప్పం.

ఈ ఫాల్ సీజన్‌లో కమ్యూనిటీ సెంటర్‌లో కొందరు విద్యార్థులు వాయిస్తారని, ఎవరన్నది తానే చెబుతానని ఆవిడ అంది. నలుగురిలో పేరు చెప్పడానికే తడబడే నాకు అక్కడ వాయించాలనిపించింది. అమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

చిన్నప్పుడు నాకు వీణ నేర్పించింది అమ్మే. ఇంట్లో సాధన చేస్తుంటే వంటింట్లోంచి అంది: "ఆ మధ్య స్వరం బోడిగా వదిలేశావేంటే? కాస్త గమకం వెయ్యి."

వేశాను. క్లాసులో టీచర్ నా చెయ్యి ఆపి, ఇంగ్లిష్‌లో మెల్లగా అడిగింది.

"మీ ఇంట్లో అందరూ ఒకేసారి మాట్లాడతారా?"

అందరూ నవ్వారు. నేను తల దించుకున్నాను. ఆవిడ మాత్రం నవ్వకుండా వాయించి చూపించింది. ఈ పాటలో కింది స్వరం వణకాలి, పైస్వరం విరిగి జారాలి, మధ్యది నిశ్చలంగా ఉండాలి. అది నిలబడితేనే మిగతా రెండూ ఏం చేస్తున్నాయో తెలుస్తుందట. వచ్చేవారం విని, నేను సెంటర్‌లో వాయించాలో లేదో చెబుతానంది.

ఆ వారమంతా నా ఎడమచెయ్యి మాట వినలేదు. మధ్య స్వరం రాగానే దానంతటదే నొక్కేది.

"ఊపకుండా ఉండటానికి కూడా క్లాసుకెళ్ళాలా?" అంది అమ్మ. అని, స్టవ్ ఆపేసి వచ్చి పక్కన కూర్చుని వింది.

తర్వాతి క్లాసులో, అప్పటికే ఎంపికైనవాళ్ళు ముందు వరుసలో కూర్చుని ఉండగా, ఒంటరిగా వాయించాను. మధ్య స్వరం దగ్గర వేళ్ళు తీగ మీదే ఉన్నాయి, కానీ నొక్కలేదు. స్వరం అలాగే నిలబడి, సన్నబడి, తనంతట తానే ఆగింది.

టీచర్ బాగుందని అనలేదు. "మళ్ళీ మొదటి నుంచి. ఈసారి అందరితో," అని, ముందు వరుసలో ఉన్న అమ్మాయిని కాస్త జరగమంది.

నేను గయాగుమ్ ఎత్తుకుని గోడ దగ్గర్నుంచి లేచాను.