ఎర్ర ట్యాగ్ చదివిన నటుడు

ఆ జపాన్ నటుడు చనిపోయాడన్న వార్త సౌదీలోని యాన్బు లేబర్ క్యాంపులో నా ఫోన్‌లో చూశాను. ఒకప్పుడు రాక్ గాయకుడని, తర్వాత సినిమాల్లోకి వచ్చాడని, కొంతకాలంగా జబ్బుతో ఉన్నాడని రాశారు. పాట ఎందుకు మానేశాడో రాయలేదు. అందుకే నేను రాస్తున్నా.

నిరుడు యాన్బు అవతల ఎడారిలో ఆయన సినిమా తీశారు. ఆయన ఎక్కాల్సిన పైపుల టవర్ కట్టింది జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన మేమే. కట్టాక పచ్చ ట్యాగ్ వేలాడితేనే ఎవరైనా ఎక్కాలి. ఎర్రది ఉంటే కాలు పెట్టొద్దు. ఆ రోజు గాలికి పైపులను పట్టి ఉంచే క్లాంపులు వదులయ్యాయి. మా మేస్త్రీ, నా మేనమామే, ఎర్ర ట్యాగ్ తగిలించాడు.

సూపర్‌వైజర్ వచ్చి, "వెలుతురు పోతోంది, పచ్చది పెట్టు. లేకుంటే ఎగ్జిట్ వేయించి ఇంటికి పంపిస్తా" అన్నాడు.

"పంపు. కింద పడ్డోణ్ణి ఎటు పంపుతవు?" అన్నాడు మామ.

కరపత్రాలు చదివి రోజూ హక్కుల గురించి అందరి బుర్రలు తినే నేను, ఆ నిమిషం నా బూట్లు చూసుకుంటూ నిలబడ్డాను.

నటుడు వచ్చి ట్యాగ్ చదివాడు. కట్టిందెవరని అడిగాడు. మామ చెయ్యెత్తాడు. ఆయన పోయి మామ పక్కన ఇసుకలో కూర్చున్నాడు. "నువ్వు ఎక్కమన్నప్పుడే ఎక్కుతా." దుబాసి ఇంగ్లీషులో చెబితే నేను తెలుగు చేశాను.

వయసులో ఉన్నప్పుడు ఒక కచేరీలో స్టేజీ వెనక భాగం కూలిందట. కట్టిన మనిషి దానికిందే ఉండిపోయాడు. "ఆ చప్పుడు జనం కేకలనుకున్నా. పాట మొత్తం పాడాను. అదే చివరి పాట" అన్నాడు. తర్వాత చిన్న వేషాలు, పెద్ద వేషాలు. ఏ సెట్‌కు పోయినా ముందు కట్టినవాళ్ల పేర్లు అడుగుతాడట.

మామ విని, "గీయిన సగం మేస్త్రీ ఉన్నడు పో" అన్నాడు.

క్లాంపులు బిగించాక మామ తలూపాడు. ఆయన ఎక్కాడు. దిగాక మామ ముందు నడుము దాకా వంగాడు. ఏం చేయాలో తెలియక మామ కూడా వంగితే, హెల్మెట్ జారి ఆయన కాళ్ల దగ్గర పడింది. ఇద్దరూ నవ్వారు.

నటుడు విమానమెక్కిన వారానికి, ఆ ఎర్ర ట్యాగ్ తీయనందుకు మామకు ఎగ్జిట్ వేసి ఇంటికి పంపారు. నటుడు లేచి వెళ్లిన చోట, మామ పక్కన, మేము కూర్చోవాల్సింది. కూర్చోలేదు. ఆ తప్పు ఆయనది కాదు.

వార్త చూసి మామకు ఫోన్ చేశాను. ఊళ్లో ఇప్పుడు పెళ్లిళ్లకు టెంట్లు కడుతున్నాడు.

"జపానాయన పోయిండు మామా."

"పడ్డడా?"

"లేదు. బీమారి. దవాఖానల."

మామ ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండానే అక్కడెవరికో చెప్పాడు: "ఆ గుంజ ఎక్కకు. నేనొచ్చి చూస్త, ఆగు."