పక్కనుంచి కనిపించే బొమ్మ

సినిమాహాలు మూతపడేదాకా ముప్పయ్యేళ్లు ప్రొజెక్టర్ నడిపిన ఆయన్ని వీధిలో అందరూ ‘రీలు మావయ్య’ అనేవారు. బొమ్మ విషయంలో ఆయనకు మహా పట్టింపు. చీకటి చీకటిలాగే కనబడాలి, పరిగెత్తే మనిషి అలుక్కుపోకూడదు. అందుకే ఒక హోటలువాళ్లు తీసేసిన, అలాంటి బొమ్మ చూపే పాతకాలపు ప్లాస్మా టీవీని ముగ్గురి చేత మోయించి ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆయన భార్యకు అది కంట్లో నలుసైంది. పగటి వెలుగు పడితే అందులో సినిమాకు బదులు వీళ్ల మొహాలే కనిపించేవి. హోటల్లో ఏళ్ల తరబడి ఒకే వార్తల చానల్ నడవడంతో దాని గుర్తు ఓ మూల మచ్చలా ఉండిపోయింది. పైగా వేడి.

“ఇది టీవీయా, పొయ్యా?” అనేది.

ఆ ఏడాదే ఆమె స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక, చోటు చాలక మంచాన్ని టీవీకి బాగా పక్కగా వేశారు. “గది ఉడికిపోతోంది, అమ్మకు గాలాడొద్దూ?” అంటూ కూతురు పల్చటి కొత్త టీవీ తెచ్చి బిగించింది. పాతది వెనక గదిలోకి పోయింది.

వారం తర్వాత, మందు ఇవ్వడానికి మంచం మీద కూర్చున్న మావయ్య అక్కణ్నుంచి యథాలాపంగా టీవీ వైపు చూశాడు. మనుషులంతా వెలిసిపోయి ఉన్నారు.

“ఇలా కనబడుతోందని చెప్పవేం?”

“పిల్ల ముచ్చటపడి తెచ్చింది. చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నా.”

“మరి పాతదో?”

“తిట్టుకుంటూ చూసినా బాగానే చూశాను. ఎటునుంచైనా మనుషులు మనుషుల్లాగే ఉండేవాళ్లు.”

సాయంత్రానికల్లా ఇరుగుపొరుగును పిలిచి పాతదాన్ని మళ్లీ పెట్టించాడు. కొత్తది బల్లమీదికి దిగింది. మర్నాడు అది చూసి కూతురి మొహం మాడిపోయింది.

“నేను తెచ్చింది పనికిరాలేదా నాన్నా?”

ఆయన రెండూ ఆన్ చేశాడు. “అమ్మ పక్కన పడుకుని చూడమ్మా.”

చూసింది. “అయ్యో, వారం రోజులూ ఈ దయ్యాల మొహాలు చూస్తూ పడుకున్నావా అమ్మా?” అని పకపకా నవ్వింది. వేడి తగలకుండా ఒక ఫ్యాను కొనిపెట్టి వెళ్లింది.

నాలుగు నెలలకు ప్లాస్మా ఠప్పుమని ఆగిపోయింది. సామాన్లు దొరకవన్నాడు మెకానిక్. అప్పటికి ఆమె కర్ర పట్టుకుని నడుస్తోంది. కొత్త టీవీకి ఎదురుగా రెండు కుర్చీలు వేశాడు మావయ్య. ఎక్కువసేపు కూర్చోలేక ఆమె మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేసి వచ్చేది. ఆమె లేచినప్పుడల్లా ఆయన సినిమా ఆపేవాడు.