మంత్రిగారి మోకాలు

కంచరపాలెంలో ఆశాజ్యోతీ అని పిలిస్తే ఒకప్పుడు ఒక్క మనిషే పలికేది. ఇప్పుడు జంక్షన్‌కో ఫ్లెక్సీ పలుకుతుంది. బడుగుల ఆశాజ్యోతి, మహిళల ఆశాజ్యోతి, యువత ఆశాజ్యోతి అంటూ నాయకులు చేతులు జోడించుకుని కరెంటు స్తంభాలకు వేలాడుతుంటారు. తండ్రి ముచ్చటపడి పెట్టుకున్న పేరు ఇలా ఊరుమ్మడి సొత్తు అయిపోయినందుకు ఆమెకు బాధ లేదు. "అసలు సరుకుని నాను. మిగతాయన్నీ డూప్లికేట్లు" అని నవ్వేసేది.

తండ్రి చీపురుపల్లి దగ్గర పల్లె నుంచి వచ్చి పోర్టులో కళాసీగా చేరాడు. పిల్లకు పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్ళూ పడిపోతే, చంకనెత్తుకుని బడిలో దించి డ్యూటీకి వెళ్ళేవాడు. పాలిటెక్నిక్‌లో సివిల్ చదువుతానంటే అక్కడి పెద్దాయన ఒకరు జాలిపడి, సైటుల్లోకి ఎలా వెళ్తావమ్మా, హాయిగా కంప్యూటర్లు చదువుకో అన్నాడట. ఆమె సివిలే చదివింది. కొన్నాళ్ళు ప్రైవేటు ఆర్కిటెక్టుల దగ్గర ప్లాన్లు గీసి, తర్వాత ఒక ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం సంపాదించుకుంది. ఆ కార్యాలయం పేరు మనకెందుకు? ఏ కార్యాలయమైనా ఒకటే.

కొంతకాలానికి పైనుంచి ఒక ఉత్తర్వు దిగింది. ప్రభుత్వం కట్టే ప్రతి భవనం ప్లానునూ, వికలాంగులు వాడుకునేలా ఉందో లేదో చూసిగానీ పాసు చెయ్యకూడదని. వికలాంగులనే మాటను అప్పటికే దివ్యాంగులని మార్చారు. పేరులోకి దివ్యం వచ్చి చేరింది కానీ మెట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఈ చూసే పని ఎవరికి అప్పజెప్పాలా అని ఇంజనీరు ఉమాశంకర్ గారు సీట్లన్నీ కలియజూసి, ఆశాజ్యోతి దగ్గర ఆగారు. "నిన్ను మించిన అర్హులెవరమ్మా?" అన్నారు. ఆమె డిప్లొమా మార్కులు ఆయన ఏనాడూ చూడలేదు. అర్హత ఆమె చక్రాల కుర్చీలోనే కనబడిపోయింది.

ఆమె సీటు కింద, జిరాక్స్ మిషను పక్కన. ఉమాశంకర్ గారి గది మేడమీద. లిఫ్టు కోసమని ఎప్పుడో గుంత తవ్వారు. లిఫ్టు రాలేదు, గుంతలో విరిగిన కుర్చీలు వచ్చి చేరాయి. దివ్యాంగుల సౌకర్యాల మీద సమీక్షా సమావేశాలు మేడమీదే జరిగేవి. సభ్యురాలైన ఆశాజ్యోతి కింద కూర్చుని ఫోనులో వినేది. టీ మాత్రం కిందికి పంపేవారు, ఆ మర్యాదకు ఎప్పుడూ లోటు రాలేదు.

ప్లాన్లు వచ్చేవి. వాటిని చూడ్డంలో ఆమెకు ఒక రకం వినోదం అలవాటైంది. ఒకదాంట్లో ర్యాంపు చక్కగా పైకి పోయి ట్రాన్స్‌ఫార్మర్‌ను గుద్దుకునేది. ఇంకోదాంట్లో సింహాచలం కొండకు పోటీగా నిలబడి ఉండేది. మరుగుదొడ్డి తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ వేసేవారు, ఆ తలుపులోంచి బొమ్మ తప్ప కుర్చీ పట్టదు. ఆమె తప్పులన్నీ రాసి వెనక్కి పంపేది. ఆర్కిటెక్టులు ఆమెకు పొగరని చెప్పుకునేవారు. కొంత నిజమే. తప్పు దొరికితే ఆమె ముఖంలో వెలుగు వచ్చేది, దాచుకునేది కాదు.

అలాంటి రోజుల్లోనే మద్దిలపాలెం దగ్గర దివ్యాంగుల సంక్షేమ భవనం ప్లాను ఆమె బల్ల మీదికి వచ్చింది. ఊళ్ళోని వికలాంగులకు కుట్టు శిక్షణ, కంప్యూటర్ శిక్షణ, మీటింగులకు ఒక హాలు. ఆశాజ్యోతి ప్లాను విప్పింది. ముందువైపు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా మెట్లు, మెట్ల పైన లావుపాటి స్తంభాలు. అసెంబ్లీ కట్టబోయి మనసు మార్చుకున్నట్టుంది. ర్యాంపు కోసం వెతికితే వెనకాల, జనరేటర్ గది పక్కసందులో కనబడింది. దాని ఏటవాలు చూస్తే, ఎక్కేవాడి సంగతి దేవుడెరుగు, దిగేవాడు నేరుగా ప్రహరీగోడలోకి దిగుతాడు.

ఆమె అభ్యంతరం రాసింది. ఉమాశంకర్ గారు ఫోను చేశారు. ముందువైపు ర్యాంపు పెడితే ఎలివేషన్ పోతుందని, అంటే రోడ్డు మీంచి చూసేవాళ్ళకు భవనం అందం చెడుతుందని ఓపిగ్గా చెప్పారు. వెనకాల ఒకటి గీశారు కదా అన్నారు. అది ఎక్కడానికి పనికి రాదని ఆమె అంది.

"ప్లానులో ఉంది కదమ్మా. ఎక్కడం దిగడం సైటు సమస్య" అన్నారాయన.

సరే, ఆ సమస్యేదో చూద్దామని ఆమె తన మూడు చక్రాల స్కూటర్ మీద, వెనకాల కుర్చీ మడిచి కట్టుకుని సైటుకు వెళ్ళింది. కాంట్రాక్టరు సింహాద్రి మర్యాదస్తుడు. కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చాడు. వెనక సందులో ఇంకా ర్యాంపు పొయ్యనే లేదు, ఇసుక పోసి ఉంది. ఇదేటని అడిగితే ఆయన సముదాయింపుగా చెప్పాడు.

"నాలుగు మెట్లే కదా మేడమ్. అలాటోల్లు వత్తే ఎత్తికెల్లడానికి మనుసులుంటారు. మన కుర్రోల్లున్నారు."

"తవరు బాత్రూమ్‌కి ఎల్లాలంటే ఎంతమంది కుర్రోల్లని పిలుత్తారు సింహాద్రి గారూ?" అని అడిగింది ఆశాజ్యోతి, బొండం తాగుతూనే.

సింహాద్రి నవ్వాలో వద్దో తెలియక మేస్త్రీ వైపు చూశాడు. ఆ మర్నాడే ఆమె ప్లాను పాసు చెయ్యనని గట్టిగా రాసేసింది.

ఆఫీసులో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. సన్మానం చేశారు. దివ్యాంగుల సౌకర్యాలపై అవగాహన శిక్షణకు మన ఆఫీసు తరఫున నువ్వే వెళ్ళాలమ్మా అని విజయవాడ పంపారు. ఖరీదైన హోటల్లో పెద్ద పెద్దవాళ్ళు బొమ్మలు చూపించి, వికలాంగులకు ఏమేం కావాలో ఆమెకు వివరించారు. భోజనాల హాలుకు మాత్రం మెట్లెక్కి వెళ్ళాలి. ఆమెకు ప్లేటు కిందికే పంపారు. అది కంది పచ్చడి దగ్గర్నుంచీ అన్నీ వేసి పంపిన ప్లేటు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. తిరిగి వచ్చేసరికి భవనం ప్లాను పాసైపోయింది. రిటైర్మెంటుకు దగ్గరపడి, ఏ కాగితం కనబడినా కళ్ళజోడు పెట్టుకోకుండా సంతకం చేసే శ్రీరామ్మూర్తి గారి చేత చేయించేశారు. ఆశాజ్యోతి ఆయనతో పోట్లాడలేదు. ఆ రోజు ఇంటికెళ్ళి తల్లి మంగాయమ్మ అన్నం పెడితే తినకుండా పడుకుంది. జ్వరమా అని తల్లి నుదురు పట్టుకు చూసింది. కాదంది. శిక్షణ సర్టిఫికెట్‌ను ఏ గోడకు తగిలిద్దామని తల్లి అడిగితే, ఇక కోపం ఆగక ఏడ్చింది.

భవనం పూర్తయింది, వెనక సందులో ర్యాంపు మాత్రం ప్లానులోనే ఉండిపోయింది. ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారు. 'దివ్యాంగుల ఆశాజ్యోతి' అని ఆయన బొమ్మతో రోడ్డు పొడుగునా ఫ్లెక్సీలు కట్టారు. ఆఫీసువాళ్ళంతా ఆమెకు ఫోటోలు పంపి హాస్యమాడారు.

అంతా సిద్ధమయ్యాక, ముందురోజు పొద్దున మంత్రిగారి పీఏ నుంచి కబురొచ్చింది. సారుకు మోకాలి ఆపరేషన్ అయిందనీ, చక్రాల కుర్చీలో వస్తారనీ, ఏర్పాట్లు చూడమనీ.

ఉమాశంకర్ గారు మెట్లు దిగి, స్వయంగా జిరాక్స్ మిషను దగ్గరికి వచ్చారు. ఆయన ఆ చోటికి రావడం అదే మొదలు.

"అమ్మా, ర్యాంపు ఏటవాలు ఎంత ఉండాలన్నావు?"

అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలని ఆమె చెప్పింది. ఆయన లెక్క వేసుకుని, అంత పొడవా అని నీరసపడ్డారు. కొంచెం తగ్గిస్తే ఏమవుతుందని అడిగారు.

"ఏం కాదు సార్. మామూలు దివ్యాంగులైతే పర్వాలేదు. ఆయన దొర్లిపోతే మాత్రం టీవీలో వస్తుంది" అంది ఆశాజ్యోతి.

టెంట్‌హౌస్ వీర్రాజును పిలిపించారు. కంచరపాలెంలో పెళ్ళి స్టేజీలు కట్టే మనిషి. ఆశాజ్యోతి కాగితం మీద గీసిచ్చింది, అతను అలాగే కట్టాడు. ఏడాదిన్నరగా సాధ్యంకాని ర్యాంపు మర్నాడు టిఫిన్ల వేళకు లేచి నిలబడింది. రెండువైపులా పట్టుకోను కమ్మీలు, కింద ఎర్ర తివాచీ, కమ్మీలకు బంతిపూలు. ఎలివేషన్ ఏమీ పోలేదు. పైగా ఇప్పుడే నిండుగా ఉందని ఉమాశంకర్ గారే అన్నారు.

మంత్రిగారు జోరుగా పైకి వెళ్ళారు. జ్యోతి వెలిగించి, చక్రాల కుర్చీలో కూర్చున్న ఈ వారం రోజుల్లో దివ్యాంగుల బాధలు తనకు పూర్తిగా అర్థమయ్యాయని గద్గదంగా చెప్పారు. అసలు దివ్యాంగులు కింద షామియానాలో కూర్చుని చప్పట్లు కొట్టారు. ఫోటోలయ్యాయి. ఆయన వెళ్ళిపోయారు.

అప్పుడు ఆశాజ్యోతి తన కుర్చీని ర్యాంపు మీదికి తిప్పింది. యారాడ నుంచి వచ్చిన దేవి వెనకాలే వచ్చింది. దేవి ఇంటి దగ్గర బట్టలు కుట్టే మనిషి, మాట సూదిలా ఉంటుంది. వాళ్ళను చూసి మిగతా కుర్చీలూ కదిలాయి. మన బిల్డింగు మనం చూసుకోవద్దా అని అంతా ఎక్కి లోపలికి పోయారు. హాలు బాగుంది. కుర్చీ బొమ్మ ఉన్న మరుగుదొడ్డి తలుపు తోస్తే లోపల రంగు డబ్బాలు, మిగిలిపోయిన ఫ్లెక్సీలు ఉన్నాయి. చుట్టచుట్టిన మంత్రిగారు కమోడు మీద ఆనించి ఉన్నారు.

ఉమాశంకర్ గారు తొందరపెట్టారు. చూడ్డమైపోతే దిగండమ్మా, ర్యాంపు తీసెయ్యాలి అన్నారు. ఎందుకు తియ్యాలని ఆమె అడిగింది. అది ఈ ఒక్క పూటకే మాట్లాడుకున్నదట. వీర్రాజు గుమ్మం దగ్గర చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"గాజువాకలో రిసెప్షనుందమ్మా. ఈ సెక్కలే ఆల స్టేజీకి ఎయ్యాల. లేపోతే నా పరువు పోద్ది."

ఆశాజ్యోతి ఆ చేతుల వైపు చూసింది. ఆ ర్యాంపును కట్టిన చేతులు అతనివి. అడ్డం కూర్చుంటే నలిగేది అతనొక్కడే.

"నీ సెక్కలు నువ్వట్టుకెల్లు వీర్రాజూ" అంది. "మమ్మల్ని దించడం నీ పని కాదు, ఈ ఆఫీసరోల్లది."

ఉమాశంకర్ గారికి ఈ మాట అర్థమయ్యేసరికి సగం చెక్కలు వ్యానెక్కాయి. తక్కినవీ ఎక్కాయి. పైన చక్రాల కుర్చీలు, కింద టీవీ విలేకరులు, మధ్యన అందమైన మెట్లు మిగిలాయి. సింహాద్రి తన కుర్రాళ్ళను తెచ్చాడు, ఎత్తి దించేస్తామని. ఒకడు దేవి కుర్చీ మీద చెయ్యి వేశాడు.

"మా ఆయనే అడిగి ముట్టుకుంతాడు నన్ను. నువ్వేటి, అడగవేటి?" అంది దేవి నెమ్మదిగా.

ఆ కుర్రాడు చెయ్యి తీసేసి, మళ్ళీ ఆ దరిదాపులకు రాలేదు. కెమెరాలు తిరుగుతున్నాయి. వీళ్ళు ధర్నా ఏమీ చెయ్యలేదు, నినాదాలివ్వలేదు. ఫ్యాన్లు వేసుకుని కూర్చున్నారు. విలేకరి అడిగితే, మా భవనంలో మేమున్నాం, దిగే దారి వేసినప్పుడు దిగుతాం అని ఆశాజ్యోతి చెప్పింది. లోపల మాత్రం ఉద్యోగం పోతే తల్లి మందులెలా అని అనుకుంటూనే ఉంది. మధ్యాహ్నానికి టీవీలో కింద అక్షరాలు పరుగెత్తాయి, 'భవనంలో చిక్కుకున్న దివ్యాంగులు' అని. చిక్కుకున్నది తాము కాదని పైనున్నవాళ్ళకు తెలుసు. పీఏ నుంచి ఫోను వచ్చాక ఉమాశంకర్ గారి ముఖం చూస్తే అది అందరికీ తెలిసింది.

సాయంత్రానికి సింహాద్రి ఇసుక బస్తాలు పేర్చి, పైన సెంట్రింగ్ పలకలు పరిచి ఒక ర్యాంపు వేయించాడు. ఆశాజ్యోతి పైనుంచే ఏటవాలు చూసి ఇంకా పొడిగించమంది. పొడిగించాడు. అందరూ ఎవరి కుర్చీ వాళ్ళే నడుపుకుంటూ దిగారు. నెల తిరక్కుండా ముందుమెట్లు ఒక పక్క పగలగొట్టి సిమెంటు ర్యాంపు పోశారు.

ప్రభుత్వ కార్యక్రమ గౌరవానికి భంగం కలిగించినందుకు ఆశాజ్యోతికి మెమో ఇచ్చారు. ఆ ర్యాంపు వల్ల భవనానికి రాష్ట్రస్థాయిలో ఉత్తమ సుగమ భవనమని, అంటే అందరూ తేలిగ్గా వెళ్ళగలిగే భవనమని బహుమతి వస్తే, దాన్ని ఉమాశంకర్ గారు శాలువాతో సహా అందుకున్నారు. ఆమెను పాత రికార్డుల సెక్షన్‌కు మార్చారు. కానీ ప్లాన్లు చూసేవాళ్ళు దొరక్క రెండు నెలలకే మళ్ళీ జిరాక్స్ మిషను పక్కకు తెచ్చారు. ఇప్పుడు ఆర్కిటెక్టులు ముందుగానే వచ్చి, మేడమ్, ఇది చాలా? అని అడుగుతున్నారు. చాలదనే ఎక్కువసార్లు చెబుతుంది.

మొన్నామధ్య ఆదివారం దేవి కుట్టు నేర్పే క్లాసుకు తోడు వెళితే, ర్యాంపు అడుగున ఇనుపగేటు, దానికి తాళం కనబడ్డాయి. బైకులు ఎక్కించేస్తున్నారని పెట్టారట. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర, వాచ్‌మన్ టీకొట్టు దగ్గర. ఇద్దరూ ఎండలో కూర్చుని కబుర్లు చెప్పుకున్నారు. అతను తాపీగా వచ్చి గేటు తీశాడు. ఆశాజ్యోతి తాళం, చెవి రెండూ అతని చేతిలోంచి తీసుకుని తన స్కూటర్ పెట్టెలో వేసుకుంది. పైవాళ్ళు అడిగితే ఏం చెప్పాలని అతను బిక్కమొహం వేశాడు. ఎవరికి కావాలో వాళ్ళను రాతపూర్వకంగా అడగమని చెప్పు అంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదు.