రాజమణి మేడం వేసే కుర్చీ

పొద్దున వికారాబాద్‌లో నా మందుల షాపు ఊడ్చేటప్పుడు ఇనుప కుర్చీ జరిపితే బండల మీద కీచుమంటుంది. పళ్లు జివ్వుమనే ఆ చప్పుడంటే అందరికీ విసుగు, నాకు మాత్రం ప్రాణం లేచొస్తుంది. ఫార్మసీ చదివి తాండూరులో రాజమణి మేడం షాపులో పనికి చేరినప్పుడు నా తల నిండా మందుల పేర్లే. ఆమె నాకు నేర్పింది కుర్చీ వేయడం. చీటీ మీద అనుమానం వస్తే మేడం మందులు ఇచ్చేవారు కాదు, పొమ్మనేవారూ కాదు. కౌంటర్ పక్కన కుర్చీ వేసి, చాయ్ తెప్పించి, డాక్టరుకు ఫోన్ చేసేవారు. "మేడం కుర్చీ ఏసిందా? ఇగ నువ్వు ఇంటికి పోయినట్టే" అని ఊళ్లో నవ్వుకునేవాళ్లు.

ఒకసారి కోట్‌పల్లి నుంచి ఒక పెద్దాయన బీపీ మందుల కొత్త చీటీతో వచ్చాడు. జేబులో ఇంకో డాక్టరు రాసిన పాత బీపీ మాత్రలున్నాయి. అవి వాడుతున్న సంగతి కొత్త డాక్టరుకు చెప్పనేలేదట. రెండూ కలిపి మింగితే దారిలోనే కూలబడతాడని నాకు భయమేసింది. "కొత్తవి ఇయ్యకుంటే అయిపాయె కద మేడం, మనకు ఎరుకనే కద" అన్నాను.

"ఎరుకైతే ఏంది బిడ్డా? ఏది ఆపాలె, ఏది ఉంచాలె అనేది డాక్టరు చెప్పాలె. సట్టం గట్లనే ఉంది. గా పెద్దాయన గుండె చప్పుడు నువ్విన్నవా, నేనిన్ననా?"

డాక్టరు ఫోన్ ఎత్తడం లేదు. పెద్దాయనకు బస్సు తొందర. "ఇస్తె ఇయ్యి, లేకుంటే పక్క షాపుకు పోత" అని లేచాడు. మేడం కుర్చీ ఆయన దగ్గరికే లాగారు. "నీ మందులు ఆపే అధికారం నాకు లేదు కాకా. సార్‌ను అడిగేదాక జర కూసో, గంతే." ఆయన గొణుక్కుంటూ కూర్చున్నాడు. చివరికి డాక్టరు దొరికాడు. "కిడ్నీ రిపోర్టు చూసే కొత్తది రాసిన. పాతదే బంద్ పెట్టమనుండ్రి. ఫోన్ చేసి మంచిపని చేసినరు మేడం" అన్నాడు. నేను ఆపుదామన్నది కొత్తదాన్ని! నా ముఖం చూసి మేడం పకపకా నవ్వారు. "సట్టం మన చేతులు కట్టేసింది గని, నోరు కట్టెయ్యలేదు కద" అన్నారు. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్లూ ఈ షాపు నడుపుతున్నాను, హాయిగానే ఉన్నాను.

మొన్న మేడమే నా షాపుకు వచ్చారు, మోకాళ్ల నొప్పుల చీటీతో. ఆమె ఇప్పటికే వాడుతున్న, రక్తం పలచబరిచే మాత్రకు ఆ నొప్పి మాత్ర పడదు. "రెండ్రోజులకే కద, నాకెరుకనే. ఇయ్యి బిడ్డా, తాండూరు రైలు పోతది" అన్నారు. ఆమెకు నేనేం చెప్పగలను? వెళ్లి కుర్చీ లాగాను. కీచుమంది.

మేడం నన్ను గుర్రుగా చూశారు. కుర్చీని చూశారు. డాక్టరుకు చేసిన ఫోన్ నా చెవి దగ్గర మోగుతూనే ఉంది. ఆమె మెల్లగా కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని అన్నారు.

"చాయ్‌ల చక్కెర జర తక్కువ ఎయ్యమను."