ఉన్నది ఉన్నట్టు గీసిన ఇల్లు

ఉమ్మడి ఇంట్లో ఎవరికీ ఒక్క మాట చెప్పకుండా టేపు తీసి గోడలు కొలవడం మొదలుపెట్టినవాణ్ణి ఏమంటారు? మా ఊళ్ళో చాలా అన్నారు. వాటన్నిటిలో 'తెలివితక్కువోడు' అన్నది కాస్త మర్యాదగా ఉంది కాబట్టి దానితోనే నన్ను నేను పరిచయం చేసుకుంటున్నాను.

మా ఊరు నెల్లిమర్లకు దగ్గర. సివిల్ ఇంజనీరింగ్ పూర్తిచేసి, విజయనగరంలో ఒక కాంట్రాక్టరు దగ్గర చేరి, పునాదుల్లో పోసే కంకర చూస్తూ కొంతకాలం ఎండలో నిలబడ్డాక, నాకు ఇళ్ళ బయటకంటే లోపలంటేనే ఇష్టమని తెలిసింది. ఇందులో కళాభిరుచి ఎంతో, ఎండ ఎంతో ఇప్పటికీ తేల్చలేను. ఇంటీరియర్ అనే మాటలోనే 'ఇంటి' ఉంది కదా, మన తెలుగు చదువే అనుకుని ధైర్యం తెచ్చుకున్నాను.

ఇంటీరియర్ ఆర్కిటెక్చర్‌లో పీజీ చేయాలంటే డిగ్రీ ఉంటే చాలనుకున్నాను. నోటిఫికేషన్ చదివాక తెలిసింది, డిగ్రీ అన్నది గుమ్మం మాత్రమేనని. అక్కణ్ణుంచి లోపలికి వెళ్ళాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి. అది గట్టెక్కితే, మన చేతి పని చూపించే పోర్ట్‌ఫోలియో పట్టుకుని ఇంటర్వ్యూకి వెళ్ళాలి. సీటు వస్తే రెండేళ్ళ చదువు, చివర ఒక థీసిస్. ఆ తరువాత పేరున్నవాళ్ళ ఆఫీసులో కొంతకాలం పనిచేస్తేనే ఎవరైనా తమ ఇంటి తాళం మన చేతికిస్తారు. ఇంత చేసినా నేను బోర్డు మీద ఆర్కిటెక్ట్ అని రాసుకోవడానికి వీల్లేదు. అది వేరే ఐదేళ్ళ చదువు, దాని మీద రిజిస్ట్రేషను. నాలాంటి సివిల్ వాడు డిజైనర్ అనిపించుకోవాలి, అంతే. అంటే నేను ఆర్కిటెక్చర్ చదవొచ్చు కానీ ఆర్కిటెక్టును కాకూడదు. అయినా సరే అనుకున్నాను. విశాఖపట్నంలో ఒక పీజీలో ఉంటూ పీజీ చదువుతానని మనసులో రాసేసుకున్నాను.

ఇంట్లో అమ్మకొక్కదానికే చెప్పాను.

"ఏటి సదువురా అది?" అంది.

"ఇంటి లోపల ఏది ఎక్కడుండాలో సెప్తారమ్మా."

"దానికి కాలేజీ ఎందుకురా? ముందు ఆ ఇప్పిన సొక్కా తీసి దండెం మీద ఎయ్యి."

సీటు రాకపోతే నవ్వుతారని, ఎవరితోనూ అనొద్దన్నాను. అమ్మ తన జీవితంలో దాచిన ఒకే ఒక్క రహస్యం అదే. ఆ ఒక్కటీ దాచకుండా ఉంటే బాగుండేది.

ప్రవేశ పరీక్ష గట్టెక్కాను. పోర్ట్‌ఫోలియో దగ్గర ఒక తప్పనిసరి షరతు ఉంది. మనుషులు కాపురముంటున్న ఇంటిని ఉన్నది ఉన్నట్టు కొలిచి, చేత్తో గీసిన ప్లాను ఒకటి ఉండాలి. గోడలు, తలుపులే కాదు, మంచాలు, బీరువాలు, ఎవరు ఎక్కడ పడుకుంటారు, ఎవరి సామాను ఎక్కడుంటుంది, అన్నీ పేర్లతో చూపించాలి. గీసిన అసలు షీటునే ఇంటర్వ్యూకి తేవాలి.

కాపురముంటున్న ఇల్లు కోసం నేను దూరం వెళ్ళక్కర్లేదు. మా డాబాలో రెండు కాపురాలు. పెదనాన్న వ్యవసాయం చూసుకుంటాడు, నాన్న జూట్ మిల్లులో పనికి వెళ్తాడు. వంటిల్లు ఒకటే. మధ్యలో పొడుగాటి హాలు. అందులో టీవీ, ఫ్యాను, దాని కింద పెదనాన్న నవారు మంచం.

నేను మరిచిపోయిన సంగతి ఒకటుంది. మావైపు ఇంట్లోకి టేపు వచ్చేది రెండే సందర్భాల్లో. ఇల్లు కట్టేటప్పుడు, ఇల్లు పంచేటప్పుడు. మా ఇల్లు కట్టి చాలా కాలమైంది.

నాన్న మిల్లుకీ పెదనాన్న పొలానికీ వెళ్ళిన పూట చూసి పని మొదలుపెట్టాను. ఇంట్లో అడ్డం లేకుండా ఉంటుందని అలా చేశాను. చూసేవాళ్ళకి ఎలా ఉంటుందో ఆలోచించలేదు. పెద్దమ్మ పాపం టేపు రెండో కొస తనే పట్టుకుంది.

"నా బీరువా కూడా కొలుస్తావేటి?"

"కొలవాలి పెద్దమ్మా. ఏది ఎవులదో రాయాలి."

"రాయాలా?"

"రాయకపోతే ఒప్పుకోరు."

ఆవిడ టేపు కొస అక్కడే వదిలేసింది. అది సర్రుమని వచ్చి నా వేలికి తగిలింది. నేను వేలు నోట్లో పెట్టుకుని బీరువా లోతు రాసుకున్నాను. ఆవిడ ముఖం మాత్రం చూడలేదు.

తరువాత కొన్నాళ్ళు మేడ మీద కూర్చుని గీశాను. అంత శ్రద్ధగా నేను ఏ పనీ చేయలేదు. మంచం నవారు అల్లిక కూడా గీశాను. 'పెదనాన్న మంచం', 'అమ్మ బీరువా', 'పెద్దమ్మ బియ్యం డ్రమ్ము' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. సిరా ఆరడానికని షీటు హాల్లో పరిచాను. ఇంతకు మించిన తెలివి నాలో లేదని అప్పుడే తేలింది.

సాయంత్రం నాన్న మిల్లు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే పెదనాన్న షీటు పట్టుకుని నూతి దగ్గరికి వచ్చాడు.

"ఒరే తమ్ముడా, నోరు లేదేటి నీకు? వాటా కావాలంటే అడగొచ్చుగదా. గుంటడికి టేపిచ్చి కొలిపిస్తావా?"

"ఏటి కొలవడం? ఎవుడు కొలిపించినాడు?"

"ఇదేటి మరి? నా మంచం, నీ పెళ్ళాం బీరువా, అన్నీ పేర్లెట్టి రాసేసినాడు. మీ వొదిన బియ్యం డ్రమ్ము కూడా ఒగ్గలేదు!"

నేను మధ్యలోకి వెళ్ళాను. "అది సదువు కోసం పెదనాన్నా. సీటుకి అడిగినారు."

"నా మంచంతోటి నీకు సీటెలాగొస్తాదిరా?"

మంచి ప్రశ్న. ఇంటీరియర్ చదవబోయేవాడికి మంచానికీ సీటుకీ సంబంధం చెప్పడం రావాలి. నాకు రాలేదు.

నాన్న చెంబు కింద పెట్టాడు. "నేను కొలిపించలేదు" అన్నాడు. పంచె కొసతో ముఖం తుడుచుకున్నాడు. అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు మెల్లగా, "అయినా కొలిస్తే మాత్రం తప్పేటి?" అన్నాడు.

ఆ మాట నాన్న అప్పటికప్పుడు అనుకున్నది కాదు. ఎన్నాళ్ళుగానో లోపల ఉన్నది. పెదనాన్న కూడా ఉలిక్కిపడలేదు. వినాల్సిన మాట విన్నట్టు తలూపాడు. లోపలి చదువు కోసం వెళ్ళి లోపల ఉన్నదంతా బయటపెట్టాను. కొలతలు నావి, కలతలు వాళ్ళవి. అప్పుడు నాకు భయం వేయాలి, ఏడుపు రావాలి. ఏదీ రాలేదు. చెవుల్లో నీళ్ళు పోయినప్పటిలా మాటలు దూరంగా వినిపించాయి. షీటు మీద నీళ్ళు పడతాయేమోనని మాత్రం చూశాను.

ఊళ్ళో పెద్దమనుషులు నలుగురు వచ్చారు. షీటును పెదనాన్న మంచం మీద పరిచారు, అంటే గీసిన మంచాన్ని అసలు మంచం మీద. "బాగా గీసినాడర్రా గుంటడు" అని మెచ్చుకున్నారు. "మనకి కొలిసే పని తప్పించినాడు" అని ఒకాయన నా వీపు తట్టాడు. నా స్కేలే అడిగి తీసుకుని, హాలు మధ్యకి కొంచెం ఇవతలగా, పెద్దవాడికి కాస్త ఎక్కువ వచ్చేటట్టు గీత గీశారు. నాన్న అభ్యంతరం చెప్పలేదు. అన్నదమ్ములిద్దరూ గీత పక్కన సంతకాలు పెట్టారు. పెద్దమనుషులు కింద పెట్టారు. పెదనాన్న షీటును నాలుగు మడతలు పెట్టి తన ట్రంకు పెట్టెలో దాచాడు. మంచి ప్లాను గీస్తే ఇంత బాగా పనికొస్తుందని ఏ పుస్తకంలోనూ లేదు.

నా ఇంటర్వ్యూ మూడో నాడు.

"పెదనాన్నా, ఆ షీటు ఒక్క పూటకి ఇయ్యి. మళ్ళీ తెచ్చిస్తాను."

"ఇస్తే? మీ నాన్న రబ్బరెట్టి గీత జరిపేస్తే?"

"ఇంకు పెదనాన్నా, సెరగదు."

"సెరగనప్పుడు మరీ ఇయ్యకూడదు."

మళ్ళీ కొలుద్దామని టేపు తీస్తే పెద్దమ్మ గది తలుపు వేసుకుంది. చివరికి పెదనాన్న పక్కన నిలబడి కాపలా కాస్తుండగా నెల్లిమర్లలో జిరాక్సు తీయించాను. అంత పెద్ద షీటు ఆ మెషీనులో పట్టదు. ముక్కలు ముక్కలుగా తీసి గమ్ముతో అతికించాను. వంటిల్లు కొంచెం వంకరగా అతుక్కుంది.

ఇంటర్వ్యూలో ఒక మేడమ్, ఇద్దరు సార్లు. నా మిగతా బొమ్మలు తిరగేశారు. ఈ ప్లాను దగ్గర ఆగారు.

"హాలు మధ్యలో ఈ గోడ ఇప్పుడుందా, మీ ప్రపోజలా?" అంది మేడమ్.

"లేదు మేడమ్. రాబోతోంది."

"ఈ సంతకాలెవరివి?"

"పెద్దమనుషులవి మేడమ్."

"జ్యూరీయా?"

"అలాంటిదే మేడమ్."

కళ్ళద్దాల సార్ ముందుకు వంగాడు. "బాబూ, నువ్వు ఇంటిని చదవడానికి వెళ్ళావా, పంచడానికి వెళ్ళావా?"

ముగ్గురూ నవ్వారు. నా నోరు కూడా నవ్వుతోందని కాసేపటికి తెలిసింది. ఒరిజినల్ ఎక్కడని అడిగారు. పెదనాన్న ట్రంకు పెట్టెలో ఉందని నిజమే చెప్పాను. మేడమ్ ఆ అతుకుల మీద వేలు పెట్టి నెమ్మదిగా రాసింది. "చేయి బాగుంది. కానీ అసలు షీటు లేకుండా దీనికి మార్కులు వేయలేం. రూలు అందరికీ ఒకటే" అంది. ఆవిడ తప్పు లేదు. రూలు తప్పు కూడా లేదు.

తిరిగి వచ్చేటప్పుడు కొత్తవలసలో రైలు చాలాసేపు ఆగింది. పక్క పట్టాల మీద ఇనుప ఖనిజం గూడ్సు పోతోంది. వ్యాగన్లు లెక్కపెడదామనుకున్నాను. మొదలుపెట్టే లోపే బుద్ధి పుట్టక మానేశాను. ఎదుటి సీటాయన జీడిపప్పు పొట్లం చాపితే తీసుకుని తిన్నాను. రుచి గుర్తులేదు.

సీట్లు వచ్చినవాళ్ళ జాబితా ఫోనులో వచ్చింది. పైనుంచి కిందికి చూశాను, కిందినుంచి పైకి చూశాను. ఫోను పక్కన పెట్టి అన్నానికి కూర్చున్నాను. "పప్పులో ఉప్పు మరిసిపోనాను, సెప్పవేటిరా?" అంది అమ్మ. నేను అప్పటికి తినేశాను. సీటు రాలేదన్నాను. అమ్మ ఉప్పు డబ్బా పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిడ కళ్ళు చెమ్మగిల్లాయి. నేను చేయి కడుక్కోవడానికి లేచాను. ఆ రోజుల గురించి ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. లేచేవాణ్ణి, కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళేవాణ్ణి, వచ్చేవాణ్ణి. ఇంట్లో పొయ్యిలు రెండయ్యాయి. నాన్నా పెదనాన్నా మాట్లాడుకోవడం మానేశారు. అదీ నాకు వార్తలా వినిపించేది, వేరే ఊరి వార్తలా.

ఎండలు ముదరకముందే గోడ పని మొదలైంది. ప్లాను చదవడం వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి, నేల మీద గీత వేయడానికి నన్నే పిలిచారు. పెదనాన్న షీటు విప్పి పట్టుకున్నాడు. నేను సుద్దముక్కతో, పెద్దమనుషులు గీసింది గీసినట్టు, ఒక్క వెంట్రుక తేడా లేకుండా గీశాను. లేచి నడుము నిటారు చేసుకుంటూ తల పైకెత్తాను.

ప్లాను అంటే పైనుంచి నేలను చూడడం. కప్పుకు వేరే షీటు ఉంటుంది, కరెంటు వైర్లకు వేరే షీటు. అవి నన్నెవరూ అడగలేదు, నేను గీయలేదు, పెద్దమనుషులు చూడలేదు. హాల్లో ఉన్న ఒక్కగానొక్క ఫ్యాను, రెక్కలతో సహా, పెదనాన్న వాటాలోకి పోయింది. దాని స్విచ్చూ రెగ్యులేటరూ ఉన్న బోర్డు మా వాటా గోడ మీద ఉండిపోయింది.

"అంతేనా బాబూ? ఇంకేటైనా సూసుకోవాలా?" అన్నాడు తాపీమేస్త్రి.

పెదనాన్న నా వైపు చూశాడు. షీటు మడతల దగ్గర అప్పుడే చిరగడం మొదలైంది.

"అంతే" అన్నాను.

మరుసటి ఏడాది అదే ఇంటిని గోడతో సహా మళ్ళీ కొలిచాను, ఈసారి ఇంటింటికీ తిరిగి అందరికీ చెప్పి మరీ. సీటు వచ్చింది. కానీ ముందు ఆ వేసవి ఒకటి గడవాల్సి వచ్చింది. కరెంటు పనివాడు రేపొస్తాను, మాపొస్తాను అంటూ పెదనాన్నను తిప్పుకున్నాడు. తమ్ముణ్ణి నోరు తెరిచి అడగడం పెదనాన్న వల్ల కాదు. ఇక మిగిలింది నేను. సెలవు రోజున మధ్యాహ్నం భోజనమయ్యాక గోడ అవతల నవారు మంచం కిర్రుమనేది. తరువాత కాస్త దగ్గు.

"ఒరే! ఫేనెయ్యరా!"

లేచి వేశాను. రెగ్యులేటరు ఒకటి మీద పెట్టాను.

కాసేపటికి, "ఇది తిరుగుతన్నాదా, ఆలోసిస్తన్నాదా?"

"తిరుగుతన్నాది పెదనాన్నా."

"కొంచెం పెంచరా నాయినా. సెమట్లు పోస్తన్నాయి."

రెండు మీద పెట్టాను. ఆ రెగ్యులేటరు మీద ఐదు దాకా అంకెలున్నాయి. వేసవి మొత్తం నేను రెండు దాటలేదు.