వెనక తలుపు లేని ఇల్లు

1992 వానాకాలం. నాచారంలో ఒక మందుల ఫ్యాక్టరీ ప్రహరీ పక్కనున్న పదకొండు గుడిసెలు వరదకు కొట్టుకుపోయాయి. నేను లా కాలేజీలో పాఠాలు చెప్పేవాణ్ణి. విపత్తుల చట్టం అప్పటికి మా సిలబస్‌లో లేదు. విద్యార్థులను పంపి బాధితుల చేత అఫిడవిట్లు, అంటే ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలాలు, రాయించేవాణ్ణి. ఇల్లు పోయిందని రుజువైతే ఉప్పల్ వైపు జాగా ఇస్తామని ప్రభుత్వం చెప్పింది.

అనుమానం పెనుభూతం అంటారు గానీ, నాకది అన్నం పెట్టిన విద్య. జాగా అనగానే లేని గుడిసెలు పుట్టుకొస్తాయని నా నమ్మకం. అందుకే విచారణాధికారి ఫోన్ చేసి, "నీళ్లు వెనక తలుపు తోసుకొచ్చాయని యాదమ్మ ప్రమాణం చేసింది. ఆ ఇంటికి వెనక తలుపే లేదట మాస్టారూ" అన్నప్పుడు, దొంగ దొరికిందనుకున్నాను.

వెళ్లి నిలదీశాను. "యాదమ్మా, నీ ఇంటికి వెనక తలుపు ఏది?"

"ఏడిది సారు? ఎనక కంపినోళ్ల గోడనే గద."

"మరి ఉందని వేలిముద్ర ఎందుకు వేశావు?"

"మీ పోరగాండ్లు అచ్చుగొట్టిన కాయితం తెచ్చి, పేరొక్కటే రాసుకున్నరు. సదువుకున్నోళ్లు తప్పు రాస్తరా అని యేలేసిన."

వెనక తలుపు మాటతో సహా ఆ నమూనా రాసి సైక్లోస్టైల్ తీయించింది నేనే. పని తొందరగా తెములుతుందని.

"మరి నీళ్లు ఎట్లా వచ్చాయి?"

"లోపల సరుకు తడుస్తదని కంపినోళ్లే గడ్డపారలతోని గోడకు బొక్క కొట్టి, నీళ్లు మా దిక్కు ఇడిసిన్రు. నా కండ్లతోని సూసిన. గిది నన్నెవలడిగిన్రు?"

గోడ దగ్గరికి వెళ్లి చూశాను. పాత రాళ్ల మధ్య గజం వెడల్పున కొత్త సిమెంటు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆమె చెప్పింది చెప్పినట్టు రాసి రెండో అఫిడవిట్ ఇచ్చాం. విచారణలో ఫ్యాక్టరీ వకీలు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఇందులో ఏ ప్రమాణం నిజమమ్మా?" అన్నాడు. యాదమ్మ నా వైపు చూసింది. లేచి, తప్పు నాదని చెప్పాను. అధికారి నన్ను అనుమానంగా చూశాడు, నేను ఆమెను చూసినట్టే.

ఒక్క ప్రమాణమే ఉన్న మిగతా పది ఇళ్లకు జాగా వచ్చింది. రెండు ప్రమాణాలున్న యాదమ్మకు రాలేదు. గోడ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ నమూనాలన్నీ చింపేశాను. అప్పటినుంచి విద్యార్థుల చేతికి తెల్లకాగితాలే ఇస్తున్నాను. మనిషి చెప్పడం అయ్యాకే కలం తీయమంటాను. ఎదుటివాళ్లకంటే ముందు మన రాతను శంకించాలని నేర్చుకున్నాను, కానీ ఆ చదువుకు ఫీజు కట్టింది యాదమ్మ. అంబర్‌పేటలో అద్దె గదికి మూటలు సర్దుకుంటూ ఆమె నన్ను తిట్టలేదు.

"ముందుగాల నన్నడిగితె అయిపోతుండె గద సారు" అన్నది, అంతే.